రొయ్య కంటికాడలో జరుగు పని

కాకినాడకు ఉత్తరముగా సముద్రపు టొడ్డున రొయ్యపిల్లలను ఉత్పత్తి చేయు హేచరీలు పెక్కు గలవు. అందు తల్లి రొయ్యల నుంచు తొట్లకడ నిలిచి చూచినవారికి ఒక వింత కానవచ్చును. ఆడ రొయ్యలలో చాలవాటికి ఒకవైపు కన్ను ఉండదు. కన్ను మాత్రమే కాదు, కన్ను నిలిచియుండు చిన్న కాడయే ఉండదు. ఇది రోగము వలన గాని, దెబ్బ వలన గాని పోయినది కాదు. త్వరగా గ్రుడ్లు పెట్టుటకై పనివారు కావలెనని తీసివేసినది. మాతోకూడ వచ్చిన పంచాయతి సభ్యులొకరు దానిని చూచి, "కన్ను తీస్తే గుడ్లు పెట్టడమేమిటండీ? కంటికీ గుడ్లకీ సంబంధం ఏముంటుంది?" అని అడిగిరి.

ఇది మిక్కిలి మంచి ప్రశ్న. దీనికి సరియైన సమాధానము కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు దగ్గరగా పట్టినది. ఆ సమాధానము తెలిసినచో, చెరువులోని రొయ్య ఏల పెరుగునో, ఏల కుబుసము విడుచునో, నీరు చెడినపుడు ఏల నీరసించునో కూడ తెలియగలదు. రొయ్యల చెరువులు, వరిచేలు, మురుగు కాలువలు ఒకదాని నొకటి అంటుకొనియున్న మన డెల్టా గ్రామములలో ఈ విషయము చెరువుగల రైతునకే గాక పంచాయతి సభ్యులందరకును తెలియవలసియున్నదని మా యభిప్రాయము.

కాడలోపల నేమున్నది?

రొయ్యలకును పీతలకును కన్నులు మనకువలె ముఖములో పొదిగియుండవు. చిన్న కాడల చివర నిలిచి ఇటునటు కదలుచుండును. ఈ కంటికాడలో చూపునకు సంబంధించిన నాడులతోబాటు వేరొక పనికై ఏర్పడిన నాడీకణముల గుంపొకటి కలదు. దానికి శాస్త్రజ్ఞులు "ఎక్స్ అవయవము" అని పేరిడిరి. పీతలలో ఇట్టి కణములు ఒక్కొక్క కాడయందు సుమారు 150 నుండి 200 వరకు మాత్రమే యుండును. ఈ కొద్దిపాటి కణములే ఆ ప్రాణి పెరుగుదలను, కుబుసము విడుచుటను, రక్తములోని చక్కెరను, గ్రుడ్ల ఎదుగుదలను అదుపులో నుంచుచున్నవి.

సాధారణ నాడీకణము పని వార్తను చేరవేయుట. వేడి గిన్నె తగులగానే చేయి వెనుకకు వచ్చుట ఆ వార్త ఫలితమే. ఒక కణము తన ప్రక్కనున్న కణమునకు మాత్రమే వార్త నందించును. గ్రంథి పని వేరు. అది తన రసమును రక్తములో విడుచును. రక్తముతోబాటు ఆ రసము శరీర మంతటను ప్రసరించును. కంటికాడలోని ఈ కణములు ఈ రెండు పనులను చేయగలవు. ఇవి పుట్టుకచే నాడులు, పనిచే గ్రంథులు. కావుననే వీనిని నాడీస్రావక కణములందురు. ఇవి విడుచు రసములే హార్మోనులు. ఇట్టి ఏర్పాటు రొయ్యలకు మాత్రమే యున్నదని తలంపరాదు. ప్రసవ సమయమున తల్లి గర్భాశయమును ముడుచుకొనజేయు ఆక్సిటోసిన్ అను హార్మోను కూడ మన మెదడులోని నాడీకణములలో తయారై, పిట్యూటరీ గ్రంథి వెనుక భాగమునుండి రక్తములోనికి విడుదల యగుచున్నది.

హార్మోను తయారగు విధము

ఈ హార్మోనులు పెప్టైడ్ జాతికి చెందినవి. పెప్టైడ్ అనగా అమైనో ఆమ్లములను పూసలుగా గ్రుచ్చిన చిన్న దండ. అదే దండ మిక్కిలి పొడవైనచో దానిని మాంసకృత్తు అందుము. ప్రకృతిలో ఈ దండలకు వాడబడు పూసలు ముఖ్యముగా ఇరువది రకములు. ఏ పూస తరువాత ఏ పూస రావలెనో ఆ క్రమమును బట్టియే హార్మోను గుణ ముండును. రొయ్య ఒంటి రంగును మార్చు ఒక హార్మోనులో ఎనిమిది పూసలు మాత్రమే కలవు. దాని క్రమమును 1972లో ఫెర్న్‌లుండ్, యోసెఫ్‌సన్ అను స్వీడను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రక్తములో చక్కెరను పెంచు హార్మోను సముద్రతీరపు పీత యొకదానిలో 72 పూసల దండయని 1989లో తేలినది. కుబుసము విడువకుండ ఆపు హార్మోను అదే పీతలో 78 పూసలది. ఈ రెండును, గ్రుడ్లను ఎదుగనీయక ఆపు మరియొక హార్మోనును పోలికలో ఒకే ఇంటి బిడ్డలవంటివి.

ఈ దండను కణము ఎట్లు గ్రుచ్చుచున్నది? కణము నడుమనున్న కేంద్రకములో ప్రతి హార్మోనుకును ఒక మూల పత్రము వంటి జన్యువు కలదు. మన కార్యాలయములలో మూల పత్రమును బీరువాలోనే యుంచి నకలు మాత్రమే పనికి పంపునట్లు, కణము ఆ జన్యువునకు నకలు తీసి కేంద్రకము వెలుపలకు పంపును. వెలుపలనున్న రైబోజోములు ఆ నకలును చదువుచు పూస వెంట పూసగా దండను గ్రుచ్చును.

అట్లు తొలుత తయారైన దండ అక్కరకు మించి పొడవుగా నుండును. దాని మొదట నున్న భాగము చిరునామా చీటివంటిది. దండను కణములోని గదులలోనికి చేర్చుటయే దాని పని. లోపలికి చేరినంతనే ఆ చీటి తెగిపోవును. తరువాత దండ మడతలు పడును. చక్కెర హార్మోనులో గంధకము గల పూసలు ఆరు కలవు. అవి రెండేసి చొప్పున కలిసి మూడు ముడులు వేసికొనును. ఆ ముడులు సరిగా పడిననే హార్మోనుకు తగిన ఆకార మేర్పడును. ఆకారము చెడినచో తాళమునకు సరిపడని చెవివలె అది పనికిరాదు. పిమ్మట దండ సన్నని పొర గల సంచులలో నింపబడును. ఆ సంచులలోనే కొన్ని ఎంజైములు గుర్తుపెట్టిన చోట్ల దండను కోసి, అక్కరలేని భాగములను వేరుచేసి, కొనలను చక్కదిద్దును. మిల్లులో పొట్టును తవుడును తొలగిన తరువాతగాని ధాన్యము బియ్యము కానట్లే, ఈ కోతలన్నియు ముగిసినగాని హార్మోను తయారు కాదు. ఒక్కొక్క సంచి అడ్డుకొలత మిల్లీమీటరులో పదివేలవ వంతు మొదలు దానికి రెండింతల వరకు నుండును.

నిలువయు విడుదలయు

ప్రతి నాడీకణమునకు ఒక పొడవైన తోక కలదు. పూర్వము ధవళేశ్వరమునుండి వెడలు కాలువలపై ధాన్యపు పడవలు రేవునకు సాగినట్లు, హార్మోను సంచులు ఈ తోకవెంట దాని చివరకు సాగును. తోక లోపల సన్నని గొట్టములు పట్టాలవలె పరచియుండును. చలన శక్తిగల మాంసకృత్తులు సంచులను మోసికొని ఆ పట్టాలపై నడచును. ఎక్స్ అవయవములోని కణముల తోకలన్నియు ఒకచోట రక్తపు గూడు చుట్టును చేరి ఉబ్బియుండును. ఆ చోటునకు "సైనస్ గ్రంథి" అని పేరు. స్వీడనుకు చెందిన హాన్‌స్ట్రోమ్ పండితుడు 1930 దశకములో దీనిని వర్ణించెను. పేరునకు గ్రంథియే గాని నిజమునకిది గిడ్డంగి. సరకు ఎక్స్ అవయవములో తయారై ఇచ్చటకు వచ్చి నిలువ యుండుచున్నదని 1950 దశకపు ప్రారంభములో అమెరికా పరిశోధకులు పస్సానో, డొరొతీ బ్లిస్ మొదలగువారు చూపిరి.

గిడ్డంగి తలుపులు ఎల్లప్పుడును తెరచియుండవు. కణమునకు ప్రేరణ కలిగినపుడు దాని తోకవెంట విద్యుత్తరంగ మొకటి పరుగెత్తి చివరను చేరును. చివరనున్న పొరలో కాల్షియమునకు మాత్రమే దారినిచ్చు ద్వారములు కలవు. అవి కాలువపై లాకు తలుపుల వంటివి. తరంగము చేరగానే ఆ తలుపులు తెరచుకొనును, వెలుపలి కాల్షియము లోపలికి వచ్చును. కాల్షియము తగిలినంతనే ఒడ్డున సిద్ధముగా నున్న సంచులు కణపు పొరతో కలిసిపోయి, తమలోని హార్మోనును రక్తములోనికి ఒలుకబోయును. లోపలికి వచ్చిన కాల్షియమును కణము వెంటనే తొలగించుటచే విడుదల ఆగిపోవును. తరంగములు వెంట వెంట వచ్చినచో ఎక్కువ హార్మోనును, ఆగి ఆగి వచ్చినచో తక్కువ హార్మోనును విడుదల యగును.

ఈ ఆజ్ఞ ఎక్కడినుండి వచ్చును? వెలుతురు, చీకటి, వేడిమి, ఆహారము, నీటిలోని ప్రాణవాయువు మొదలగు వాని సంగతులన్నియు మెదడునకు చేరును. అచ్చటినుండి సెరొటోనిన్ వంటి రసాయనముల ద్వారా ఈ కణములకు ఆజ్ఞలు అందును. ఈ విషయమున మన రాష్ట్రములోనే చక్కని పరిశోధన జరిగినది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వరిచేని పీతపైనను, మన కోరంగి మడ అడవులలో దొరకు మండపీతపైనను చిరకాలముగా కృషిచేసియున్నారు. మండపీతకు ఎన్‌కెఫాలిన్ అను నాడీ రసాయనమును సూదిద్వారా ఎక్కించగా రక్తములో చక్కెర పెరిగినదనియు, కంటికాడలు తీసివేసిన పీతలలో అట్లు పెరుగలేదనియు వారు 2001లో ప్రకటించిరి. దీని యర్థము స్పష్టము. ఆ రసాయనము తనంతట తాను చక్కెరను పెంచుట లేదు. కంటికాడలోని హార్మోనును విడుదల చేయించుట ద్వారానే పెంచుచున్నది.

పగ్గము పట్టునది కంటికాడయే

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. రొయ్య శరీరమును కప్పియున్న పెంకు సాగునది కాదు. కావున పెంకును విడిచిననే గాని రొయ్య పెరుగలేదు. కుబుసము విడుచుటకు కావలసిన హార్మోనును తల వెనుక భాగమునందలి "వై అవయవము" అను గ్రంథి తయారుచేయును. కంటికాడనుండి వచ్చు హార్మోను ఆ గ్రంథిని చేరి, "ఇప్పుడు కాదు, ఆగుము" అని చెప్పుచుండును. ఈ ఆజ్ఞ సన్నగిల్లినపుడు వై అవయవము మేల్కొనును. క్రొత్త పెంకు లోపల సిద్ధమై, పాతది వీడి, రొయ్య నీరు పీల్చుకొని పెద్దదగును. కంటికాడలను తీసివేసిన పీతలు త్వరత్వరగా కుబుసము విడుచుచున్నవని అమెరికాలో జెలెనీ అను శాస్త్రజ్ఞుడు 1905లోనే గమనించెను. కారణము మాత్రము చాలకాలమునకు గాని తెలియలేదు.

గ్రుడ్ల విషయము నిట్టిదే. కంటికాడలోని మరియొక హార్మోను అండాశయమును అదుపులో నుంచును. 1943లో ఫ్రాన్సు దేశమున పానూజ్ అను శాస్త్రజ్ఞుడు రొయ్య కంటికాడను తీసి, అండాశయము అకాలముగా ఎదుగుటను చూపెను. తరువాతి కాలమున హేచరీలవారు దీనినే వృత్తిగా చేసికొనిరి. ఒక కాడను తీసినచో పగ్గము సగము సడలును, తల్లి రొయ్య తరచుగా వారము దినములలోపలనే గ్రుడ్లకు వచ్చును. రెండు కాడలను తీసినచో బ్రదుకుటయే కష్టము. 2009లో మన దేశమున అనుమతింపబడిన వనామి రొయ్య విషయమునను ఈ పద్ధతియే వాడుకలోనికి వచ్చినది.

అయితే కాడను తీయుటవలన గ్రుడ్ల పగ్గ మొకటియే సడలునని అనుకొనరాదు. చక్కెర, ఉప్పు, నీరు, కుబుసము వీని నన్నిటిని అదుపుచేయు హార్మోనులలో సగము కూడ పోవుచున్నది. కావుననే అట్టి తల్లి రొయ్యలు త్వరగా అలసిపోవును. మాటిమాటికి గ్రుడ్లు పెట్టించినచో గ్రుడ్ల బలము తగ్గును. ఇందువలన కన్ను తీయక, మంచి ఆహారముతోను వెలుతురు వేడిమి సవరణలతోను గ్రుడ్లు పెట్టించు పద్ధతులను కొన్ని దేశములలో అవలంబించుచున్నారు. మన రైతులు పిల్లను కొనునపుడు వెలనే గాక తల్లి రొయ్యలను ఎన్నాళ్లు వాడిరో కూడ అడిగి తెలిసికొనుట మంచిది. పిల్లల నాణ్యతను గూర్చి మన రాష్ట్రమున 2006లోనే ఒక చట్టము చేయబడినది.

చెరువులోని రొయ్యకును ఇదియే నియమము

పైన చెప్పిన చక్కెర హార్మోను కష్టకాలపు హార్మోను. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు, వేడిమి హఠాత్తుగా మారినపుడు, కాడ్మియము వంటి విషలోహములు తగిలినపుడు ఇది రక్తములోనికి విడుదల యగును. అంతట శరీరములో దాచియున్న పిండిపదార్థము చక్కెరగా మారి ఖర్చగును. ఒక రాత్రి కష్టమునకు ఇది రక్షణయే. కాని ప్రతి రాత్రియు ఇట్లే జరిగినచో, పెరుగుదలకు వినియోగపడవలసిన బలమంతయు బ్రదుకుటకే చెల్లును. మేత తిన్నను రొయ్య బరువు రాదు. రైతు మేత మంచిది కాదని తలంచును. నిజమునకు తప్పు నీటిలో నుండవచ్చును. చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గును. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు తగ్గకుండ ఏరేటర్ల సహాయమున కాపాడుకొనవలెను.

కుబుసము విడిచిన రొయ్య కొంతకాలము మెత్తగా నుండును. అప్పుడు దానికి ప్రాణవాయువు ఎక్కువ కావలెను. పెంకు గట్టిపడుటకు కాల్షియము మొదలగు ఖనిజములు కావలెను. తోటి రొయ్యలు దానిని తినివేయు ప్రమాదము కూడ కలదు. ఆ దినములలో వలలు లాగుట, నీటిని హఠాత్తుగా మార్చుట తగదు.

"ఇది పెరుగుదల హార్మోను, నీటిలో కలుపుడు, మేతలో కలుపుడు" అని ఎవరైన సీసా చూపినచో, ముందుగా ఆలోచింపవలెను. పెప్టైడ్ హార్మోను రక్తములో పనిచేయునది. నీటిలో కలిపినచో సూక్ష్మజీవులు దానిని విరుగగొట్టును. మేతలో కలిపినచో మాంసపు ముక్కవలె కడుపులో జీర్ణమైపోవును. మత్స్యశాఖవారి సలహా లేనిదే అట్టివాటికి ధనము వ్యయము చేయరాదు.

రొయ్యల కష్టములన్నియు హార్మోనులవలననే వచ్చునని మేము చెప్పుట లేదు. 1994లో మన తీరమున పంటలను తుడిచిపెట్టిన తెల్లమచ్చల వ్యాధికి కారణము వైరస్. కాని నీరసించియున్న ప్రాణి ఏ వ్యాధికైనను త్వరగా లోబడునని అందరకును తెలిసినదే.

పంచాయతి సభ్యులకు మనవి

చివరగా ముఖ్యమైన సంగతి యొకటి కలదు. కుబుసము విడిపించు హార్మోను రొయ్యకును పురుగునకును ఒక్కటియే. ఇవి రెండును పెంకుగల జీవులు, దూరపు బంధువులు. వరిలో సుడిదోమ మొదలగు పురుగులకై చల్లు మందులలో కొన్ని, పురుగు కుబుసమును సరిగా విడువనీయక చంపునట్టివి. పురుగు కుబుసమును చెరచు మందు, కాలువలో పడినచో రొయ్య కుబుసమును పీత కుబుసమును చెరుపకుండ విడుచునా? వరిచేని మురుగు డ్రెయినులో పడును. ఆ డ్రెయిను నీటినే దిగువ చెరువువారు తోడుకొందురు. ఆ చెరువు నీరు మరల డ్రెయినునకే వచ్చును. అచ్చటినుండి యనమదుర్రు, ఉప్పుటేరుల వంటి దారుల వెంట సముద్రమును చేరును. కోరంగి మడ అడవులలోని చిన్న పీతలకును రొయ్యపిల్లలకును తుదకు మనము విడిచిన నీరే ప్రాప్తించును. 1978లో అభయారణ్యముగా ఏర్పడిన ఆ మడ అడవులు మన పల్లెకారుల వలలకు పుట్టినిండ్లు.

కావున పంచాయతి సభ్యులు తమ గ్రామసభలలో ఈ విషయములను చర్చింపవలెనని కోరుచున్నాము. వరి రైతులు పురుగుమందు చల్లిన తరువాత కొన్ని దినములు చేని నీటిని డ్రెయినులోనికి వదలకుండ కట్టుబాటు చేసికొనవచ్చును. చెరువుల రైతులు పట్టుబడి సమయమున మురికినీటిని ఒక్కసారిగా వదలక, నిలువ గుంటలో తేర్చి వదలవచ్చును. ఏ చెరువువారు ఏ దినమున నీరు తోడెదరో, ఏ దినమున వదలెదరో పంచాయతి కార్యాలయమున ఒక పలకపై వ్రాసియుంచినచో ఎగువవారికిని దిగువవారికిని తగవు రాదు. డ్రెయినులలోని గుఱ్ఱపుడెక్కను, పూడికను తీయించుటకు సంబంధిత శాఖవారిని సకాలమున కోరుట సభ్యుల బాధ్యతయే. చెరువు ఒకరిది కావచ్చును, చేను మరియొకరిది కావచ్చును. డ్రెయిను మాత్రము ఊరందరిది.

కంటికాడలోని నూటయేబది కణములు నీటి గుణమును రేయింబవళ్లు గమనించుచు, దానికి తగిన హార్మోనును విడుచుచున్నవి. ఆ నీటిని శుభ్రముగా నుంచు పని మాత్రము వానిచేతిలో లేదు. అది మనచేతిలోనే యున్నది.